పనిచోట భద్రత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా కర్మాగారంలో ఇటీవలే భద్రతాధికారిగా బాధ్యతలు తీసుకున్నాను. పాత రిజిస్టరులో హజార్డ్, రిస్క్ అని రెండు గడులు ఉన్నా రెండింటిలోనూ దాదాపు ఒకే మాట రాసి ఉంది. ప్రతి పనికీ ఎదురుగా ఒక సంఖ్య, దానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఏదో ఒకటి కనిపిస్తున్నాయి. ఈ సంఖ్యలను ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు: ముందు రెండు గడుల సంగతి చూద్దాం. హాని చేయగల పదార్థం, శక్తి లేదా స్థితి హజార్డ్. దాన్ని ప్రమాదకారకం అందాం. అది ఎవరికి, ఏ విధంగా, ఎంత హాని చేసే అవకాశం ఉందో చెప్పేది రిస్క్, అంటే ముప్పు. ఆమ్లం నిండిన పీపా ప్రమాదకారకం. మూత బిగించి, తాళం వేసిన గదిలో ఉన్నంతసేపు దాని వల్ల ముప్పు స్వల్పం. అదే ఆమ్లాన్ని ఒక మనిషి మగ్గుతో ముంచి తొట్టెలో పోస్తున్నప్పుడు ముప్పు చాలా ఎక్కువ. ఆమ్లం మారలేదు, మనిషికీ దానికీ మధ్య ఉన్న అడ్డు తొలగింది. కాబట్టి మొదటి గడిలో 'ఆమ్లం' అని రాస్తే, రెండో గడిలో 'మగ్గుతో పోసేటప్పుడు చింది కళ్లలో పడి చూపు పోవచ్చు' అన్నంత వివరంగా రాయాలి. అలా రాసినప్పుడే మగ్గుకు బదులు పంపు పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఎవరికైనా తడుతుంది. రెండు గడుల్లోనూ 'ఆమ్లం వల్ల ప్రమాదం' అని రాసి ఊరుకుంటే ఏ ఆలోచనా తట్టదు.

ఇక సంఖ్యల విషయం. సంభావ్యతకు 1 నుంచి 5 వరకు, తీవ్రతకు 1 నుంచి 5 వరకు మార్కులు వేసి, రెండింటినీ గుణించి రంగు నిర్ణయించడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. పనులను ఒకదానితో ఒకటి పోల్చి, ఏది ముందు చూడాలో అనుకోవడానికి అది పనికొస్తుంది. అయితే అలా వచ్చిన 12 ఎవరూ తూచినది కాదు, కొలిచినది కాదు. నలుగురు కూర్చుని వేసిన అంచనా. పైగా కాగితం అంచుకు తరచూ వేలు తెగడం 5 × 1 అయితే, బాయిలరు ఎప్పుడో అరుదుగా పేలడం 1 × 5 అవుతుంది. లెక్కలో రెండూ 5, రంగులో రెండూ ఒకటే. ఈ రెండింటినీ ఒకే వరసలో నిలబెట్టే పట్టికను చూసి నిర్ణయం తీసుకోవడం వివేకం కాదు. తీవ్రత 5 వేసిన ప్రతి అంశాన్నీ, దాని రంగు ఏదైనా సరే, విడిగా తీసి చర్చించే అలవాటు పెట్టుకోండి.

పాత రిజిస్టరులో మీరు తప్పక వెతకవలసినది మరొకటి ఉంది. 'తీసుకున్న చర్యలు' అన్న గడిలో 'శిక్షణ ఇచ్చాము, జాగ్రత్తగా ఉండమని చెప్పాము' అని రాసి, ఆ వెంటనే తీవ్రతను 5 నుంచి 2కు దించేస్తారు. ఎనిమిది మీటర్ల ఎత్తు నుంచి పడిన మనిషికి, శిక్షణకు హాజరయ్యాడు కాబట్టి దెబ్బ తక్కువ తగలదు. ఎత్తు, పరిమాణం, పీడనం, వోల్టేజీ వంటివి నిజంగా తగ్గినప్పుడో, పడేవాణ్ని మధ్యలో ఆపే వల లాంటిది ఉన్నప్పుడో మాత్రమే తీవ్రత తగ్గుతుంది. తడి తొట్టెలో మామూలు కరెంటు దీపానికి బదులు 24 వోల్టుల చేతిదీపం వాడితే ఆ అంకెను దించవచ్చు. హెచ్చరిక బోర్డు పెట్టి దించకూడదు.

రిజిస్టరును ఆఫీసు గదిలో కూర్చుని నింపకండి. పని జరిగే చోట, ఆ పని చేసే మనిషి పక్కన నిలబడి, 'ఈ పనిలో మీకు భయం వేసే క్షణం ఏది?' అని అడగండి. యంత్రం సజావుగా నడిచే వేళకంటే అందులో ఏదో ఇరుక్కున్నప్పుడు, దాన్ని శుభ్రం చేసేటప్పుడు, ఆపి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఏం చేస్తారో ఎక్కువగా అడగండి. రిజిస్టర్లలో సాధారణంగా కనిపించనివి ఆ పనులే.

ప్రశ్న: మా విభాగంలో శబ్దం కొలిస్తే 94 డెసిబెళ్లు వచ్చింది. అందరికీ ఇయర్‌ప్లగ్గులు ఇచ్చారు. అవి పెట్టుకుంటే పక్కవారి మాట, ఒక్కోసారి హెచ్చరిక గంట కూడా వినపడక మధ్యమధ్య తీస్తుంటాము. తీసినవారికి సూపర్‌వైజరు మెమోలు ఇస్తున్నారు. తప్పు మాదేనా?

జవాబు: మెమోతో తీరే సమస్య కాదిది. ముందు 94 అంటే ఎంతో తెలుసుకోండి. అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం ఎనిమిది గంటల పనికి సగటున 85 డెసిబెళ్లు పరిమితి. డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. 3 డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. అందువల్ల 88 వద్ద ఆ పరిమితి నాలుగు గంటలకు, 91 వద్ద రెండు గంటలకు, 94 వద్ద ఒక్క గంటకు తగ్గుతుంది. కొన్ని దేశాల చట్టాలు ఇంతకంటే సడలింపు ఇచ్చిన మాట నిజమే కానీ, చెవి చట్టాన్ని చూసి పాడవదు. రోజు మొత్తం మీద మీ చెవి భరించదగిన శబ్దం షిఫ్టు మొదటి గంటలోనే పూర్తయిపోతోందన్నమాట.

ప్లగ్గులు తీయడం వల్ల ఎంత నష్టమో కూడా లెక్క కట్టవచ్చు. 30 డెసిబెళ్లు తగ్గించగల మంచి ప్లగ్గును షిఫ్టులో సగంసేపు తీసివేస్తే, ఆ రోజు మొత్తానికి అది ఇచ్చిన రక్షణ సుమారు 3 డెసిబెళ్లే. ఎనిమిది గంటల్లో 48 నిమిషాలు తీసినా రక్షణ 10 డెసిబెళ్లకు మించదు. మీ సూపర్‌వైజరు కంగారు దీని గురించే అయితే ఆయన కంగారు న్యాయమైనదే. అయితే ఈ లెక్క నుంచి ఆయన తీసిన నిర్ణయం తప్పు. మాట్లాడక తప్పని పనిలో, గంట వినపడకపోతే ప్రాణానికే ముప్పున్న చోట, మనుషులు ప్లగ్గులు తీస్తారని ముందే ఊహించవలసింది. మనిషి ఒక్క నిమిషం ఏమరిస్తే పనిచేయడం మానేసే రక్షణను మొదటి రక్షణగా పెట్టడమే ఇక్కడి లోపం.

ముప్పు నియంత్రణకు అంతటా అంగీకరించిన వరస ఒకటి ఉంది. ప్రమాదకారకాన్ని పూర్తిగా తొలగించడం మొదటిది. అది కుదరకపోతే తక్కువ హాని చేసేదాన్ని దాని స్థానంలో పెట్టాలి, అదీ కుదరకపోతే మనిషికి చేరకుండా యంత్రపరమైన అడ్డు కట్టాలి, ఆ తర్వాత పని పద్ధతిని, వేళలను మార్చాలి, అన్నిటి తరువాతే వ్యక్తిగత రక్షణ సామగ్రికి రావాలి. మీ విభాగంలో ఈ వరస పై నుంచి కాక కింది నుంచి మొదలైంది. శబ్దం ఎక్కడ పుడుతోందో వెతకండి. గాలి గొట్టంతో లోహపు రజను ఊదడం వల్లనైతే తక్కువ శబ్దం చేసే నాజిల్ దొరుకుతుంది. తయారైన ముక్కలు ఇనుప డబ్బాలో పడడం వల్లనైతే డబ్బాకు రబ్బరు పరిచి, పడే ఎత్తు తగ్గించవచ్చు. వదులైన రేకు అదురుతుంటే బోల్టులు బిగించాలి, అరిగిన బేరింగు మార్చాలి. అప్పటికీ శబ్దం మిగిలితే యంత్రం చుట్టూ శబ్దాన్ని పీల్చే గూడు కట్టాలి. ఇవన్నీ జరిగే వరకు ప్లగ్గులు తప్పవు. అయితే గంటకు తోడుగా కనిపించే దీపం కూడా పెట్టించమని లిఖితపూర్వకంగా అడగండి.

వినికిడి పరీక్ష చేయించుకోవడం మరవకండి. శబ్దం వల్ల వచ్చే నష్టం సాధారణంగా 4,000 హెర్ట్‌జ్ దగ్గర, అంటే సన్నని ధ్వనుల్లో మొదలవుతుంది. అందుకే మొదట్లో 'వినపడడం లేదు' అనిపించదు. వినపడుతోంది కానీ నలుగురిలో మాట పోల్చుకోవడం కష్టమవుతోంది అనిపిస్తుంది. లోపలి చెవిలో దెబ్బతిన్న రోమకణాలు మళ్లీ పుట్టవు.

ప్రశ్న: మురుగునీటి శుద్ధి కేంద్రంలో సూపర్‌వైజరుగా ఉన్నాను. భూగర్భ తొట్టెల్లోకి మనుషులు దిగి శుభ్రం చేస్తారు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే చాలని కొందరు, దీపం దించి చూస్తే చాలని కొందరు అంటారు. లోపల ఒకరు పడిపోతే వెంటనే ఎవరు దిగాలి?

జవాబు: ఎవరూ దిగకూడదు. ఇది రాతిగుండెతో చెబుతున్న మాట కాదు. ఇలాంటి ఇరుకైన, గాలి ఆడని చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా అప్పటికే లోపల పడిపోయినవారిని కాపాడబోయినవారేనని నియోష్ 1986లో హెచ్చరించింది. పడిపోయిన మనిషి కళ్లెదుట కనిపిస్తుంటే తోటివాడి కాలు ఆగదు. అందుకే ఆ క్షణానికి ఏర్పాటు ముందు రోజే ఉండాలి.

గాలిలో ప్రాణవాయువు 20.9 శాతం ఉంటుంది. 19.5 శాతం కంటే తగ్గితే ఆ చోటును ప్రాణవాయువు చాలని చోటుగా, 23.5 శాతం దాటితే నిప్పు సులభంగా అంటుకునే చోటుగా పరిగణిస్తారు. మూసి ఉన్న తొట్టెలో ఎవరూ ఏమీ చేయకుండానే ప్రాణవాయువు తగ్గిపోతుంది: ఇనుము తుప్పు పట్టేటప్పుడు దాన్ని తీసుకుంటుంది, కుళ్లే పదార్థంలోని సూక్ష్మజీవులు తీసుకుంటాయి. గాలిలో లేని ప్రాణవాయువును తడిగుడ్డ పుట్టించలేదు. ఆ మాటకొస్తే ఫిల్టరు ఉన్న ఖరీదైన మాస్కు కూడా పుట్టించలేదు. ఇక దీపం సంగతి. మంట ఆరేది ప్రాణవాయువు సుమారు 16 శాతానికి పడిపోయాక. అప్పటికే మనిషి ఆలోచన మందగిస్తుంది. తొట్టెలో మీథేన్ ఉంటే ఆ దీపమే నిప్పు అవుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉందో లేదో దీపం చెప్పనే చెప్పదు.

మురుగు పనిలో అందరికంటే మోసగత్తె ఆ హైడ్రోజన్ సల్ఫైడే. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. పది లక్షల పాళ్లలో 100 పాళ్లకు చేరేసరికి కొద్ది నిమిషాల్లోనే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. 'వాసన పోయింది, ఇక దిగవచ్చు' అనుకున్న క్షణం అత్యంత ప్రమాదకరమైన క్షణం కావచ్చు. ఈ వాయువు గాలికంటే కొంచెం బరువైనది కాబట్టి అడుగున చేరుతుంది. అడుగున ఉన్న బురదను కదిపినప్పుడు కొత్తగా విడుదలవుతుంది. అందువల్ల దిగేముందు ఒక్కసారి పరీక్షించి ఊరుకోవడం సరిపోదు, పని సాగినంతసేపు మీటరు మనిషి ఒంటిమీదే ఉండాలి. మొదటి పరీక్షను పై భాగంలో, మధ్యలో, అడుగున విడివిడిగా చేయాలి. ముందు ప్రాణవాయువు, తరువాత మండే వాయువులు, చివరగా విషవాయువులు కొలవాలి. ఈ వరసకు కారణం ఉంది: మండే వాయువులను కొలిచే చాలా మీటర్లు తగినంత ప్రాణవాయువు లేకపోతే తప్పు అంకె చూపిస్తాయి.

ఫ్యానుతో మంచి గాలిని లోపలికి పంపుతూనే ఉండాలి. సిలిండరులోని ప్రాణవాయువును మాత్రం ఎన్నడూ వదలకూడదు. దిగే మనిషికి ఒంటికి కట్టిన హార్నెస్, దానికి తాడు, పైన మూడు కాళ్ల స్టాండు, చుట్టి లాగే వించి ఉండాలి. ఇవి ఉంటే పడిపోయిన మనిషిని ఎవరూ దిగకుండానే పైకి లాగవచ్చు. పైన నిలబడే కాపలా మనిషికి వేరే పని చెప్పకూడదు, అతను అక్కడి నుంచి కదలకూడదు, ఏ పరిస్థితిలోనూ దిగకూడదు. లోపలికి వెళ్లక తప్పని రక్షణ సిబ్బంది సొంత గాలి సిలిండర్లతో, శిక్షణతో వెళ్లాలి.

ఇంత రాశాక కూడా నేను మొదట అడిగేది ఒకటే: అసలు మనిషి ఎందుకు దిగుతున్నాడు? అధిక పీడన నీటిధార, పీల్చే పంపు, పై నుంచి దించే కెమెరా ఇవన్నీ బయటి నుంచే పనిచేస్తాయి. తొట్టెను కట్టేటప్పుడే అలా ఆలోచించి ఉంటే ఈ ప్రశ్న మీకు వచ్చేదే కాదు. తరువాతి తొట్టె కట్టేవారికైనా ఆ మాట చేర్చండి.

ప్రశ్న: నేను మెయింటెనెన్స్ ఫిట్టరును. పది నిమిషాల పనికి కూడా స్విచ్చి ఆపి, ప్రతి ఒక్కరూ సొంత తాళం వేయాలంటున్నారు. 'పని జరుగుతోంది' అన్న బోర్డు తగిలిస్తే చాలదా?

జవాబు: బోర్డు చదివినవాణ్ని ఆపుతుంది. తాళం చదవనివాణ్ని కూడా ఆపుతుంది. పని పది నిమిషాలదే కావచ్చు, స్విచ్చి నొక్కడానికి పట్టేది ఒక్క క్షణమే.

ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై 1988 జూలై 6న జరిగిన ప్రమాదంలో 167 మంది చనిపోయారు. అక్కడ ఒక పంపుకు చెందిన భద్రతా వాల్వును మరమ్మతుకు తీసి, ఆ గొట్టం మూతిని తాత్కాలికంగా ఒక పలకతో మూశారు. పంపు మరమ్మతుకు ఒక పర్మిట్టు (పనికి రాతపూర్వక అనుమతి), వాల్వు పనికి మరొక పర్మిట్టు ఉన్నాయి. రాత్రి షిఫ్టులో రెండో పంపు ఆగిపోయినప్పుడు, వాల్వు తీసి ఉన్న సంగతి తెలియని సిబ్బంది మొదటి పంపును నడిపారు. ఆ మూత దగ్గర వాయువు కారి పేలింది. కాగితం ఉంది, కానీ చూడవలసినవారి చేతిలో, చూడవలసిన వేళకు లేదు. ఆ పంపును నడవనివ్వని తాళం అక్కడ ఉండి ఉంటే, కాగితం ఎవరి దగ్గర ఉందన్నది ఇంత పెద్ద విషయం అయ్యేది కాదు.

ఇక ఆచరణకు వస్తే, తాళం ఎవరిదో తాళపుచెవి వారి జేబులోనే ఉండాలి. ఐదుగురు పనిచేస్తుంటే ఐదు తాళాలు ఉండాలి, ఎవరి తాళం వారే తీయాలి. కరెంటు ఒక్కటే శక్తి అనుకోకండి: బిగిసిన స్ప్రింగు, గొట్టంలో మిగిలిన గాలి, హైడ్రాలిక్ నూనె ఒత్తిడి, కెపాసిటరులోని చార్జి, పైకెత్తి ఉంచిన బరువు కూడా మనిషిని చంపగలవు. వాటిని వదిలించాలి లేదా కదలకుండా ఆపుచేయాలి. తాళం వేశాక అందరినీ పక్కకు పంపి, ఒక్కసారి స్టార్ట్ బటన్ నొక్కి యంత్రం కదలదని రుజువు చేసుకోవాలి. పొరపాటున పక్క యంత్రపు స్విచ్చికి తాళం వేసిన సంగతి చాలాసార్లు బయటపడేది ఇక్కడే.

ప్రశ్న: మాది కంప్యూటర్లు, కుర్చీలు తప్ప మరేమీ లేని ఆఫీసు. మాకు కూడా ఇవన్నీ అవసరమా?

జవాబు: ఇన్ని అవసరం లేదు. అత్యవసర ద్వారం ముందు పెట్టెలు పేర్చారేమో, ఒకే ప్లగ్గుకు వరసగా తగిలించిన వైర్లు వేడెక్కుతున్నాయేమో, నేల తడిసినచోట, మెట్ల అంచుల దగ్గర కాలు జారుతుందేమో చూడండి. తెర పై అంచు కంటి ఎత్తుకు రావాలి. వీటితో పాటు రాత్రి పదింటికి ఫోను చేసి పని చెప్పే అలవాటును కూడా ప్రమాదకారకాల పట్టికలో చేర్చండి; నేను హాస్యానికి అనడం లేదు.

ప్రశ్న: చిన్న యూనిట్ యజమానిని. భద్రతకు అంతులేదు, ఖర్చుకూ అంతులేదు. ఎక్కడ ఆగవచ్చో చెప్పగలరా?

జవాబు: ఈ ప్రశ్నకు 1949లో ఇంగ్లండులో ఒక బొగ్గుగని కార్మికుడి మరణంపై వచ్చిన ఎడ్వర్డ్స్ కేసు తీర్పు ఇచ్చిన సమాధానం ఇప్పటికీ చాలాచోట్ల ప్రమాణంగా ఉంది. త్రాసులో ఒకవైపు ముప్పును, మరోవైపు దాన్ని తప్పించడానికి అయ్యే డబ్బు, సమయం, శ్రమలను పెట్టాలి. ముప్పు మరీ స్వల్పమై, ఖర్చు దానితో పొంతనే లేనంత భారీగా ఉన్నప్పుడు మాత్రమే ఆగవచ్చు. రెండూ సమానంగా తూగితే ఆగడానికి వీల్లేదని గమనించండి, తక్కెడ మొదటి నుంచే కార్మికుడి వైపు మొగ్గి ఉంది. 'నా దగ్గర అంత డబ్బు లేదు' అన్నది ఈ త్రాసులో వేసే రాయి కాదు. ఊరట కలిగించే సంగతి ఏమిటంటే, యంత్రం కొనేటప్పుడే గార్డు, అంటే కదిలే భాగాలకు చెయ్యి తగలకుండా ఆపే అడ్డు, ఉన్నదాన్ని ఎంచుకోవడం తరువాత బిగించడం కంటే సాధారణంగా చవక.

ప్రశ్న: మానవ వనరుల విభాగంలో పనిచేస్తాను. ప్రమాదాలు లేని నెలకు విభాగమంతటికీ బహుమతి ప్రకటించాము. అప్పటి నుంచి గాయాల నివేదికలు దాదాపు సున్నా, 'త్రుటిలో తప్పిన' ఘటనల నివేదికలు పూర్తిగా సున్నా. దీన్ని విజయంగా చూపవచ్చా?

జవాబు: చూపకండి. మీరు కొన్నది భద్రతను కాదు, మౌనాన్ని అయి ఉండవచ్చు. తన వేలు తెగిందని చెబితే ముప్పై మంది బహుమతి పోతుందని తెలిసిన మనిషి ఆ వేలికి ఇంట్లో కట్టు కట్టుకుంటాడు. బహుమతి ఇవ్వదలచుకుంటే లోపాన్ని చెప్పినందుకు ఇవ్వండి, లేదా చెప్పిన లోపాన్ని వారంలోపు సరిచేసిన సూపర్‌వైజరుకు ఇవ్వండి. రెండోది ఇంకా మేలు, ఎందుకంటే నివేదిక రాసి ఫలితం చూడనివాడు రెండోసారి రాయడు.

ఒక పెద్ద గాయం వెనుక 29 చిన్న గాయాలు, గాయం కాని ఘటనలు 300 ఉంటాయని హైన్‌రిక్ 1931లో రాసిన లెక్క మీ శిక్షణ తరగతుల్లో వినే ఉంటారు. చిన్నవాటిని పట్టించుకోవాలన్న మేరకు ఆ మాట మంచిదే. ఆ నిష్పత్తిని ప్రకృతి నియమంలా తీసుకుని, చిన్న గాయాలు తగ్గాయి కాబట్టి పెద్ద ప్రమాదం కూడా దూరమైందని అనుకోవడమే తప్పు. కాలు జారడానికి, రియాక్టరు పేలడానికి కారణాలు వేరు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడు జరిగి 15 మంది చనిపోయారు, సుమారు 180 మంది గాయపడ్డారు. వ్యక్తిగత గాయాల రేటు మెరుగుపడడాన్నే భద్రతకు కొలమానంగా తీసుకోవడం అక్కడ యాజమాన్యాన్ని తప్పుదారి పట్టించిందని తరువాతి విచారణల్లో తేలింది. అందువల్ల మీ నెలవారీ పట్టికలో గాయాల సంఖ్య పక్కన మరికొన్ని గడులు చేర్చండి: గడువు దాటిన వాల్వు పరీక్షలు ఎన్ని, పనిచేయకుండా చేసిన అలారాలు ఎన్ని, తీసి మళ్లీ పెట్టని గార్డులు ఎన్ని. ఇవి సున్నా అయిన నెలలో బహుమతి పంచండి, నేను కూడా చప్పట్లు కొడతాను.

ప్రశ్న: పనిలో చేరి రెండు నెలలే అయింది. గార్డు లేని యంత్రం మీద పనిచేయమన్నారు, భయపడి ఒప్పుకున్నాను. ఇక ముందు కాదనవచ్చా?

జవాబు: అనవచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో ఆమోదించిన 155వ ఒడంబడిక ప్రకారం, ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణమైన, తీవ్రమైన ముప్పు ఉందని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండి పని నుంచి తప్పుకున్న కార్మికుడికి అనుచితమైన పరిణామాలు ఎదురుకాకుండా రక్షణ కల్పించాలి. భద్రతా చర్యలకు కార్మికుడి చేత ఖర్చు పెట్టించకూడదని కూడా అందులో ఉంది. 2022లో ఆ సంస్థ సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని పనిలో ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చింది. మీ దేశ చట్టం దీన్ని ఏ రూపంలో అమలు చేస్తోందో కార్మిక సంఘాన్ని గానీ, కార్మిక శాఖను గానీ అడిగి తెలుసుకోండి.

కాదనే తీరు కూడా ముఖ్యం. 'నాకు భయంగా ఉంది' అంటే మీ భయం గురించే మాట్లాడుకుంటారు. 'ఈ యంత్రానికి ముందు రోలరు దగ్గర గార్డు లేదు, ముక్కను అందించేటప్పుడు నా చెయ్యి రోలరుకు జానెడు దూరంలోకి వెళ్తోంది, గార్డు బిగించిన వెంటనే పని మొదలుపెడతాను, అంతవరకు వేరే పని ఇవ్వండి' అని చెప్పండి. అదే మాటను తేదీ, వేళతో రాసి సూపర్‌వైజరుకు ఇచ్చి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. మీ తరువాత ఆ యంత్రం దగ్గరికి ఎవరిని పంపుతున్నారో గమనించి, మీరు చూసినది వారికి కూడా చెప్పండి.